లెక్కింపు, సంభావ్యత లెక్కల్లో నా జవాబు కీతో ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: అలిపిరి_ఎంపీసీ, తిరుపతి

సార్లకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ప్రస్తారాలు–సంయోగాలు, సంభావ్యత, ఈ రెండు చాప్టర్ల సూత్రాలన్నీ నోటికి వచ్చు. నేరుగా సూత్రంలో పడే లెక్కలు అయిపోతా ఉండాయి. కొంచెం మెలిక ఉంటే మాత్రం నాకొచ్చేది ఒకటి, కీలో ఉండేది ఇంకొకటి. సొల్యూషన్ చదివితే అదీ కరెక్టే అనిపిస్తుంది, నేను చేసిందాంట్లో తప్పేందో కనపడదు. అందుకే నాలుగు లెక్కలు నా పద్ధతితో సహా పెడతా ఉండా. కీ జవాబు ఎట్లా వస్తుందో సొల్యూషన్లో ఉంది. నా దారి ఎక్కడ తప్పిందో అది చెప్పండి.

(10 వస్తువుల్లోంచి 3 ఎంచుకోవడాన్ని 10సీ3 అని రాస్తా ఉండా.)

ఒకటి. 6 మంది అబ్బాయిలు, 4 మంది అమ్మాయిలు. వాళ్లలో 4 మందితో కమిటీ వేయాలి, కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండాలి. ముందు ఇద్దరు అమ్మాయిల్ని 4సీ2 = 6 రకాలుగా తీసుకున్నా. మిగిలిన 8 మందిలో ఎవరైనా ఇద్దరు, 8సీ2 = 28. మొత్తం 6 × 28 = 168. కీలో 115.

రెండు. 0, 1, 2, 3, 4, 5 అంకెలతో, ఏ అంకే రెండోసారి రాకుండా, ఎన్ని 4 అంకెల సరి సంఖ్యలు? ఒకట్ల స్థానంలో 0, 2, 4 కాబట్టి 3 రకాలు. వేల స్థానంలో 0 రాకూడదు, వాడేసిన అంకె రాకూడదు, కాబట్టి 4. మిగతా రెండు స్థానాలకు 4, 3. అంతా గుణిస్తే 144. కీలో 156.

మూడు. 10 లడ్లు, 4 పిల్లలు. ఒక్కో లడ్డుకూ చీటీ తీసి, ఎవరి పేరొస్తే వాళ్లకు ఇస్తారు. అందరికీ కనీసం ఒక్కటైనా వచ్చే సంభావ్యత ఎంత? లడ్లన్నీ ఒకటే రకం కాబట్టి మొత్తం పంపకాలు 13సీ3 = 286, అందరికీ వచ్చేవి 9సీ3 = 84. 84/286 అంటే దాదాపు 0.29. కీలో 0.78!

నాలుగు. పల్ప్ ఫ్యాక్టరీకి మూడు తోటల నుంచి తోతాపురి కాయ వస్తుంది: మొదటి తోట 50 శాతం, రెండోది 30, మూడోది 20. వాటిల్లో కుళ్లు వరసగా 2, 3, 5 శాతం. ఒక కాయ తీస్తే కుళ్లిపోయి ఉంది. అది మూడో తోటది అయ్యే సంభావ్యత? 2 + 3 + 5 = 10, అందులో మూడో తోటది 5, కాబట్టి 1/2 అనుకున్నా. కీలో 10/29.

ఇంకో సంగతి. ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, వాటిల్లో లెక్కలే 80. అంత తొందరలో నా జవాబు తప్పని కనుక్కునే దారి ఏమన్నా ఉందా?


జవాబు 1: లెక్కల_సారు, చిత్తూరు

నాయనా, మొదటి రెండింటికి నేను చెప్తాను. ప్రశ్న అడిగిన తీరు బాగుంది, పద్ధతి రాశావు కాబట్టి తప్పును వేలు పెట్టి చూపించవచ్చు.

కమిటీ లెక్క. అమ్మాయిల పేర్లు లక్ష్మి, పద్మ, గంగ, వాణి అనుకో. పద్మ, గంగ, వాణి, రవి అనే ఒక్క కమిటీని పట్టుకుని, నీ పద్ధతిలో అది ఎన్నిసార్లు తయారవుతుందో చూడు. ముందు పద్మ, గంగలను తీసుకుని తర్వాత వాణి, రవి. లేదా ముందు పద్మ, వాణి, తర్వాత గంగ, రవి. లేదా ముందు గంగ, వాణి, తర్వాత పద్మ, రవి. కమిటీ ఒకటే, నీ లెక్కలో మూడు. అమ్మాయిలే నలుగురున్న కమిటీ ఒక్కటే ఉంటుంది, దాన్ని 4సీ2 = 6 సార్లు లెక్కపెట్టావు. సరిగ్గా ఇద్దరున్నవి మాత్రం ఒక్కోసారే పడ్డాయి.

ఇప్పుడు సంఖ్యలు వేసుకో. ఇద్దరు అమ్మాయిలు: 6 × 15 = 90. ముగ్గురు: 4 × 6 = 24. నలుగురు: 1. కలిపితే 115. నీది 90 + 3 × 24 + 6 × 1 = 168. తేడా ఒక్కటి కూడా మిగలకుండా తేలిపోయింది చూడు. ఇలా తేలిందాకా వదలొద్దు. కీ కరెక్టు, నాది తప్పు అనుకుని పేజీ తిప్పేస్తే అదే తప్పు మళ్లీ చేస్తావు.

నీ 168 వేరే ప్రశ్నకు సరైన జవాబు. కమిటీలో ఇద్దరు కన్వీనర్లు, ఇద్దరు సభ్యులు ఉండి, కన్వీనర్లు ఇద్దరూ అమ్మాయిలే కావాలి, సభ్యులు ఎవరైనా కావచ్చు అంటే 168 కరెక్టు. అక్కడ ముందు తీసుకున్న ఇద్దరికీ, తర్వాత తీసుకున్న ఇద్దరికీ హోదాలో తేడా ఉంది. ఈ ప్రశ్నలో ఆ తేడా లేదు. నువ్వు "ముందు", "తర్వాత" అని రెండు దఫాలుగా తీసుకున్నప్పుడల్లా ఒక మాట అడగాలి: పని అయిపోయాక, ఆఖరి కమిటీని మాత్రమే చూసి, ఎవరు ముందు వచ్చారో చెప్పగలనా? చెప్పలేకపోతే ఒకే కమిటీని పలుమార్లు లెక్కపెడుతున్నావన్నమాట.

"కనీసం" అన్న మాట కనబడగానే పూరక ఘటన వైపు, అంటే మనకు అక్కర్లేనివాటిని మొత్తంలోంచి తీసేసే దారి వైపు చూడు. కనీసం ఒక అమ్మాయి అంటే 10సీ4 − 6సీ4 = 210 − 15 = 195, ఒకే తీసివేత. కనీసం ఇద్దరు అన్నప్పుడు రెండు తీసేయాలి: 210 − 15 − 4 × 20 = 115. అదే వచ్చింది.

రెండో లెక్క. గుణకార సూత్రానికి ఒక షరతు ఉంది. ముందు అడుగులో ఏది ఎంచుకున్నా, తర్వాతి అడుగులో మార్గాల సంఖ్య మారకూడదు. ఏవి మిగిలాయన్నది మారినా ఫరవాలేదు, ఎన్ని మిగిలాయన్నది మారకూడదు. ఒకట్లలో 2 గానీ 4 గానీ పెడితే వేల స్థానానికి 4 మార్గాలు. ఒకట్లలో 0 పెడితే 0 అప్పటికే అయిపోయింది కాబట్టి వేల స్థానానికి 5. ఇక్కడే రెండుగా విడగొట్టాలి. చివర 0: 5 × 4 × 3 = 60. చివర 2 లేదా 4: 2 × 4 × 4 × 3 = 96. మొత్తం 156.

నువ్వు వేసిన 3 × 4 × 4 × 3 = 144 బేసి సంఖ్యలకు సరిపోతుంది. ఒకట్లలో 1, 3, 5 ఏది పెట్టినా వేల స్థానానికి 4 మార్గాలే, విడగొట్టే పని లేదు. మొత్తం 4 అంకెల సంఖ్యలు 5 × 5 × 4 × 3 = 300. సరి 156, బేసి 144, కలిపితే 300. ఇలాంటి సరిచూపుకు పది సెకన్లు కూడా పట్టదు.


జవాబు 2: ట్యూషన్_అక్క, రేణిగుంట

లడ్ల లెక్క నేను తీసుకుంటాను తమ్ముడూ. నాలుగింటిలో ఎక్కువమంది పడిపోయేది ఇందులోనే.

నీ 286 తప్పు కాదు, నీ 84 కూడా తప్పు కాదు. "10 ఒకే రకం లడ్లను 4 పిల్లలకు ఎన్ని రకాలుగా పంచవచ్చు" అని అడిగితే 286, "ఒక్కొక్కరికి కనీసం ఒకటి" అంటే 84. లెక్కింపు ప్రశ్నకు అవి జవాబులు. ఒకదాన్ని ఇంకోదానితో భాగించిన చోట తప్పింది. అనుకూల ఫలితాలు బై మొత్తం ఫలితాలు అనే సూత్రం, ఫలితాలన్నీ సమసంభవాలు, అంటే ఒక్కోటీ జరిగే అవకాశం సమానం, అయినప్పుడు మాత్రమే పని చేస్తుంది. ఆ 286 పంపకాలు సమసంభవాలు కావు.

ఎంత తేడానో చూడు. పది లడ్లూ మొదటి పిల్లకే పోవాలంటే పది చీటీల్లోనూ ఆ పేరే రావాలి. అది ఒకే ఒక్క విధం. అదే 3, 3, 2, 2 అనే పంపకం రావాలంటే, ఏ చీటీలో ఎవరి పేరు వచ్చిందన్నదాన్ని బట్టి 10!/(3! 3! 2! 2!) = 25200 విధాలు. నీ లెక్కలో ఈ రెంటికీ చెరొక ఓటు పడింది. ఒకటి 25200 రెట్లు ఎక్కువగా జరిగేది, ఇంకోటి అసలు కనపడనిది.

కాబట్టి సంభావ్యతలో వస్తువులు ఒకే రకంగా ఉన్నా సరే, వాటి మీద 1 నుంచి 10 దాకా నంబర్లు రాసి ఉన్నాయని అనుకో. నంబరు వేసినంత మాత్రాన ఎవరికి ఎన్ని వస్తాయన్నది మారదు, కాబట్టి సంభావ్యతా మారదు. కానీ ఫలితాలు సమసంభవాలు అవుతాయి. ఒక్కో లడ్డుకు 4 మార్గాలు, మొత్తం 4^10 = 1048576. ఎవరికీ రిక్తహస్తం కాకుండా ఉండేవి కావాలి. ఫలానా పిల్లకు ఏమీ రానివి 3^10 = 59049, అలాంటి పిల్లలు 4, అంటే 236196 తీసేయాలి. ఇద్దరికి ఏమీ రానివి రెండుసార్లు పోయాయి కాబట్టి 6 × 2^10 = 6144 మళ్లీ కలపాలి. ముగ్గురికి రానివి 4 తీసేయాలి. 1048576 − 236196 + 6144 − 4 = 818520. భాగిస్తే 0.7806. అదే నీ కీ.

పెద్ద సంఖ్యలతో అనుమానం తీరకపోతే 2 లడ్లు, 2 పిల్లలు తీసుకో. నీ పద్ధతిలో (2,0), (1,1), (0,2) మూడు పంపకాలు, ఇద్దరికీ వచ్చేది ఒకటి, 1/3. నిజానికి మొదటి లడ్డు ఎవరికి పోయినా, రెండోది అవతలి పిల్లకు పోయే అవకాశం సగం. జవాబు 1/2. ఒక నిమిషంలో తప్పు బయటపడింది.

ఇది పిల్లలు మాత్రమే చేసే తప్పు కాదు. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ 1754లో, నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ, లేదా రెండోసారి బొమ్మ, లేదా అసలు లేదు, మూడే ఫలితాలు అన్నాడు. మొదటిసారే బొమ్మ పడేదానికి సగం బరువు, మిగతా రెంటికీ చెరి పావు అన్నది వదిలేశాడు. సరైనది 3/4. అంతకు ముందే, మూడు పాచికల లెక్కలో గెలీలియో ఇదే విషయాన్ని స్పష్టంగా విడమర్చాడు. మొత్తం 9 రావడానికి ఆరు రకాల త్రయాలు, 10 రావడానికీ ఆరే. అయినా 10 ఎందుకు ఎక్కువ పడుతుంది? 3, 3, 3 ఒకే విధంగా పడుతుంది, 4, 3, 3 మూడు విధాలుగా, 5, 3, 1 ఆరు విధాలుగా. వరస క్రమంతో లెక్కిస్తే 216లో 9కి 25, 10కి 27.

ఇంకో చిన్న మాట. క్రమంతో లెక్కపెట్టాలా, క్రమం లేకుండానా అని చాలామంది అడుగుతారు. ఏదైనా పరవాలేదు, పైనా కిందా ఒకటే ఉండాలి. 5 ఎర్ర బంతులు, 3 తెల్ల బంతులు ఉన్న సంచిలోంచి తిరిగి వేయకుండా రెండు తీస్తే, రంగుకొకటి వచ్చే సంభావ్యత క్రమం లేకుండా 15/28, క్రమంతో 30/56. రెండూ ఒకటే. పైన క్రమం లేకుండా 15, కింద క్రమంతో 56 వేసి 15/56 రాస్తే సరిగ్గా సగం వస్తుంది. ఆప్షన్లలో ఆ సగం కూడా పెట్టి ఉంటారు, చూసుకో.


జవాబు 3: తోతాపురి_లెక్కలు, పుంగనూరు

మామిడికాయల లెక్కకు బేయీ సిద్ధాంతం సూత్రం రాసే ముందు 1000 కాయలు కింద పోసుకో తమ్ముడూ. మొదటి తోటవి 500, వాటిలో 2 శాతం కుళ్లు, అంటే 10. రెండో తోటవి 300, 3 శాతం, 9. మూడో తోటవి 200, 5 శాతం, 10. కుళ్లినవి మొత్తం 29. చేతిలో ఉన్నది ఆ 29లో ఒకటి. మూడో తోటవి అందులో 10. కాబట్టి 10/29. సూత్రం చెప్పేది కూడా ఇదే, ఇంకేం లేదు.

నువ్వు 2 + 3 + 5 అని శాతాలు కలిపినప్పుడు, మూడు తోటలూ సమానంగా కాయ పంపినట్టు లెక్క. అలా పంపితే 1/2 కరెక్టే. మొదటి తోటలో కుళ్లు తక్కువ శాతమే అయినా, కాయ రెండున్నర రెట్లు వస్తుంది కాబట్టి కుళ్లిన కాయల్లో దాని వాటా మూడో తోటతో సమానం. అదీ 10/29.

ఈ ఒక్క లెక్కలోనే మూడు వేర్వేరు సంభావ్యతలు ఉన్నాయి, ప్రశ్నలో ఏది అడిగారో రెండుసార్లు చదవాలి. తీసిన కాయ మూడో తోటదై, కుళ్లినదీ అయ్యే సంభావ్యత 10/1000. మూడో తోటది అని తెలిసినప్పుడు కుళ్లినదయ్యే సంభావ్యత 10/200. కుళ్లినది అని తెలిసినప్పుడు మూడో తోటది అయ్యే సంభావ్యత 10/29. పైన ఉన్న 10 మూడింటిలోనూ అదే. కింద ఏం రాయాలన్నదే నియత సంభావ్యత. "అని తెలిసింది", "అయితే", "అయినప్పుడు" అన్న మాటలకు ముందు ఏముందో అదే కిందికి పోతుంది.

తెలిసిన సమాచారం ఏమిటన్నది కూడా అక్షరం తేడా లేకుండా చదవాలి. రెండు పాచికలు వేశారు. "మొదటిదాని మీద 6 పడింది" అంటే రెండూ 6 అయ్యే సంభావ్యత 1/6. "కనీసం ఒకదాని మీద 6 పడింది" అంటే 36లో 6 ఉన్నవి 11, అందులో రెండూ 6 అయినది 1, కాబట్టి 1/11. చాలామంది రెండో ప్రశ్నకూ 1/6 రాస్తారు, ఏదో ఒక పాచికను మనసులో మొదటిదిగా పెట్టేసుకుంటారు కాబట్టి.


అలిపిరి_ఎంపీసీ, తిరుపతి

సార్, అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. 168 కన్వీనర్ల లెక్క అని, 144 బేసి సంఖ్యల లెక్క అని తెలిసినాక ఇంక మర్చిపోను. లడ్ల లెక్క మాత్రం రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

ఇంకొక్కటి. తిరుపతి అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే టీ, ఐ, ఆర్, యూ, పీ, ఏ, టీ, ఐ, మొత్తం 8. రెండు టీలు, రెండు ఐలు. ఒకే రకం అక్షరాలు పక్కపక్కన రాకుండా ఎన్ని అమరికలు? ఖాళీల పద్ధతిలో చేసినా. ముందు టీలు పక్కన పెట్టి, ఆర్, యూ, పీ, ఏ, ఐ, ఐ అమర్చినా, ఐలు కలవకుండా 6!/2! − 5! = 240. ఆరు అక్షరాల మధ్య, చివర్ల 7 ఖాళీలు, వాటిలో 2 టీలకు 7సీ2 = 21. మొత్తం 5040. కీలో 5760. ఈసారి తక్కువ వచ్చింది, ఎక్కువ కాదు.


లెక్కల_సారు, చిత్తూరు

తక్కువ వచ్చిందంటే ఏదో అమరికను ముందే పారేశావన్నమాట. ఏది పారేశావో వెతుకు. మొదటి అడుగులో ఐ, ఐ పక్కపక్కన ఉన్నవన్నీ వదిలేశావు. కానీ ఆ రెండు ఐల మధ్య తర్వాత ఒక టీ వచ్చి కూర్చుంటే? అప్పుడవి విడిపోతాయి, అమరిక చెల్లుతుంది. అవి నీ లెక్కలో లేవు. ఐలు కలిసి ఉన్న అమరికలు 5! = 120. ఒక టీ తప్పనిసరిగా ఐల మధ్య, రెండో టీ మిగిలిన 6 ఖాళీల్లో ఎక్కడైనా. 120 × 6 = 720. 5040 + 720 = 5760.

ఇలా రెండు జతలు ఒకదాన్ని ఒకటి విడదీయగలిగే చోట ఖాళీల పద్ధతి జారుతుంది. అక్కడ నేరుగా, లడ్ల లెక్కలో అక్క చేసినట్టు తీసేస్తూ కలుపుతూ పోయే ఇన్‌క్లూజన్–ఎక్స్‌క్లూజన్ వాడు. మొత్తం 8!/(2! 2!) = 10080. టీలు కలిసినవి 7!/2! = 2520, ఐలు కలిసినవి 2520, రెండూ కలిసినవి 6! = 720. 10080 − 2520 − 2520 + 720 = 5760.

ఖాళీల పద్ధతి చక్కగా పనిచేసే చోటు కూడా ఇదే పేరులో ఉంది. అచ్చులు నాలుగు: ఐ, యూ, ఏ, ఐ. హల్లులు నాలుగు: టీ, ఆర్, పీ, టీ. ఏ రెండు అచ్చులూ పక్కపక్కన రాకూడదు అంటే, హల్లుల్ని 4!/2! = 12 రకాలుగా అమర్చు, 5 ఖాళీల్లో 4 ఎంచు, అచ్చుల్ని 12 రకాలుగా వేయి. 12 × 5 × 12 = 720. అచ్చులన్నీ కలిసే ఉండాలి అంటే, గుంపును ఒకటిగా చేసి 5!/2! × 12 = 720. రెంటికీ 720 రావడం కాకతాళీయం కాదు. అచ్చుల గుంపంతా 5 ఖాళీల్లో ఒక్కదాంట్లో పడాలి, 5సీ1. విడివిడిగా అయితే 4 ఖాళీల్లో పడాలి, 5సీ4. ఆ రెండూ 5. ఇది గమనిస్తే "కలిసి", "విడిగా" అన్న రెండు రకాల లెక్కలూ నిజానికి ఒకే లెక్క అని అర్థమవుతుంది.


గోవిందరాజ_వీధి, తిరుపతి

ఇన్‌క్లూజన్–ఎక్స్‌క్లూజన్ ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. సంధ్యావందనంలో చెప్పుకునే కేశవ నామాలు 24 ఎందుకో తెలుసా? నాలుగు చేతులు, శంఖం, చక్రం, గద, పద్మం నాలుగు ఆయుధాలు, 4! = 24 మూర్తులు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో హరి నాలుగు చేతులకు 24 అని, శంభుడి పది చేతుల్లో పది ఆయుధాలకు 3628800 అని ఈ లెక్కలే అడిగాడు.

దీన్నే కొంచెం ముందుకు తీసుకుపోవచ్చు. ఒక మూర్తిని ఆధారంగా తీసుకుంటే, ఏ ఆయుధమూ అదే చేతిలో లేని మూర్తులు ఎన్ని? 24 − 4 × 6 + 6 × 2 − 4 × 1 + 1 = 9. ఉత్తరాలు, కవర్లు అని పరీక్షలో వచ్చేది ఇదే. నాలుగు ఉత్తరాలకు 9, అయిదింటికి 44, అంటే అయిదు ఉత్తరాల్లో ఒక్కటీ సరైన కవర్లో పడని సంభావ్యత 44/120. ఇక్కడ పిల్లలు పడే గుంట ఏమిటంటే, "సరిగ్గా నాలుగు సరైన కవర్లలో పడే సంభావ్యత" అని అడిగితే ఏదో లెక్క మొదలుపెట్టేస్తారు. నాలుగు సరిగ్గా పడితే అయిదోది వేరే ఎక్కడికి పోతుంది? సున్నా.


ట్యూషన్_అక్క, రేణిగుంట

తమ్ముడు టైం గురించి అడిగాడు, దానికి ఎవరూ చెప్పలేదు.

అన్ని లెక్కల్నీ రెండు దారుల్లో చేయక్కర్లేదు. ముందు హద్దు చూడు. 10 మందిలో 4 మంది కమిటీలు షరతు లేకుండానే 210. నీకు 168 వచ్చినప్పుడు, అందులో ఒక్క అమ్మాయి కూడా లేనివి 15, ఒక్కరే ఉన్నవి 80 అని పక్కన వేసుకుంటే 263 అవుతుంది. 210 దాటింది, తప్పు దొరికిపోయింది. సంభావ్యతలో అయితే జవాబు నమ్మేలా ఉందా అని చూడు. 10 లడ్లు నలుగురికి పంచితే ఒక్కో పిల్లకు సగటున రెండున్నర వస్తాయి. అలాంటప్పుడు ఎవరో ఒకరికి అసలు రాకపోవడం 71 శాతం జరుగుతుందంటే అనుమానం రావాలి.

రెండోది, సంఖ్యలు తగ్గించి చేయడం. 10 ఉన్న చోట 2 గానీ 3 గానీ పెట్టి, చేత్తో అన్నీ రాసి, నీ పద్ధతి ఇచ్చే జవాబుతో పోల్చు. కొన్ని లెక్కలైతే ఈ చిన్న కేసులే జవాబు దాకా తీసుకుపోతాయి. నాణేన్ని 10 సార్లు ఎగరేస్తే రెండు బొమ్మలు వరసగా పడని సంభావ్యత తీసుకో. ఒకసారి ఎగరేస్తే అలాంటివి 2, రెండుసార్లకు 3. ఆ తర్వాత, చివర బొరుసు అయితే దాని ముందున్నది ఏదైనా సరే, చివర బొమ్మ అయితే దానికి ముందు బొరుసే ఉండాలి. కాబట్టి ప్రతి సంఖ్యా వెనకటి రెండింటి మొత్తం: 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89, 144. మొత్తం 1024. జవాబు 144/1024 = 9/64. సారు చెప్పిన ఖాళీలతో చేస్తే, బొమ్మలు 0 నుంచి 5 దాకా వరసగా 1 + 10 + 36 + 56 + 35 + 6, అదీ 144. ఇలాంటి దాన్ని ఇంట్లో రెండు దారుల్లో చేసి ఉంచుకుంటే పరీక్షలో ఏ దారి పొట్టిదో చూడగానే తెలుస్తుంది. ఇక్కడ నాకైతే కూడుకుంటూ పోవడమే నయం.

పరీక్షలో మాత్రం, విడగొట్టాల్సిన కేసులు నాలుగు దాటితే దాన్ని గుర్తు పెట్టుకుని ముందుకు పో. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఆఖర్న ఏదో ఒకటి గుర్తించకుండా వదలొద్దు. జేఈఈ మెయిన్‌లో అలా చేయకు, అక్కడ తప్పుకు మార్కు పోతుంది.


అలిపిరి_ఎంపీసీ, తిరుపతి

అక్కా, 263 సంగతి చాలా బాగుంది.

సార్, మీ ఊరి పేరుతో చేసి చూసినా. సీ, హెచ్, ఐ, టీ, టీ, ఓ, ఓ, ఆర్. ఇదీ 8 అక్షరాలే, రెండు జతలే, కాబట్టి ఒకే రకం అక్షరాలు కలవనివి మళ్లీ 5760. అచ్చులు ఐ, ఓ, ఓ మూడు, హల్లులు అయిదు. ఏ రెండు అచ్చులూ కలవనివి: హల్లులు 5!/2! = 60, 6 ఖాళీల్లో 3, 20, అచ్చులు 3. మొత్తం 3600. మూడూ కలిసినవి: 60 × 6 × 3 = 1080. ఇక్కడ రెండూ సమానం రాలేదు, 6సీ1, 6సీ3 సమానం కాదు కాబట్టి. కరెక్టేనా?


లెక్కల_సారు, చిత్తూరు

కరెక్టు. మిగిలింది సరిగ్గా రెండు అచ్చులు కలిసి, మూడోది విడిగా ఉన్నవి. జంటకు ఒక ఖాళీ, ఒంటరిదానికి ఇంకో ఖాళీ, ఇక్కడ ఏ ఖాళీ దేనికి అన్నది ముఖ్యం కాబట్టి 6 × 5 = 30, 15 కాదు. 60 × 30 × 3 = 5400. ఇప్పుడు మూడూ కూడు: 3600 + 1080 + 5400 = 10080, అదే 8!/(2! 2!).